నిన్నటి ఆవులింత

మా ఇంటి ముద్దుల స్క్రూడ్రైవర్‌కి,

ఈ ఉత్తరం నీ చేతికి రాదు. నా గదిలోకి వచ్చిన కాగితం మళ్ళీ గడప దాటకూడదని పెద్ద నర్సు ఆర్డరు. అందుకని రాసిన పేజీని రాసినట్టే తలుపు పక్కనున్న అద్దానికి లోపలి నుంచి ప్లాస్టర్ ముక్కలతో అంటిస్తున్నాను. నువ్వు వరండాలో నిలబడి చదువుకోవాలి. దారినపోయేవాళ్ళు కూడా చదువుతారని తెలుసు. చదివేవాళ్ళకి నమస్కారం. ఇది మా ఇంటి గొడవ, మీ పేషెంట్లు మీ కోసం ఎదురుచూస్తూ ఉంటారు, కదలండి.

నా నోరు కట్టేశారు. పొక్కులు గొంతులో కూడా లేచాయట, మాట్లాడితే పుండవుతుందట. ఆరో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతూ, వాళ్ళ గోల మీద నా గోల వినిపించి బతికేదాన్ని, ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా రాసి చూపించాలి. చేతుల మీద పొక్కులు, వాటి మీద తెల్లటి లోషను. అది కాగితానికి అంటుకుని అక్షరాలు అలుక్కుపోతున్నాయి. సర్దుకుని చదువు.

జరిగిందంతా మీ అన్నయ్య నీకు చెప్పే ఉంటారు. ఒక్కటి చెప్పి ఉండరు, ఎందుకంటే ఆయన అక్కడ లేరు. కాన్పు బల్ల మీద వాడి ఏడుపు విన్నాను. నెలలు నిండని పిల్లాడు, పిల్లికూన గొంతు. నేను తల తిప్పేలోపు డాక్టరమ్మ నా మెడ మీద పొక్కులు చూసి, "ఆటలమ్మ పోసినట్టుంది, బిడ్డని ఇటు తేకండి" అంది. తలుపు మూసుకుంది. వాడు పక్క బిల్డింగులో గాజుపెట్టెలో, నేను ఈ బిల్డింగులో అద్దాల గదిలో. మన వాళ్ళందరూ నా కొడుకుని చూశారు, నేను తప్ప.

అందుకే నువ్వు మీ షాపులోంచి రెండు పాత కంప్యూటర్లు మోసుకొచ్చి, ఒకటి వాడి దగ్గర, ఒకటి నా మంచం కాళ్ళ దగ్గర పెట్టించి, బంతిలాంటి ఆ కెమెరాని వాడి పెట్టె పక్కన స్టాండుకి బిగించావని విన్నప్పుడు, నీ పెళ్ళికి నేనే దగ్గరుండి అన్నీ చేయిస్తానని మొక్కుకున్నాను. కొన్ని సెకన్లకొక ఫొటో తీసి, బిల్లుల కోసం రెండు బిల్డింగుల మధ్య లాగిన వైరులోంచి నా తెర మీదికి పంపిస్తుందట కదా. సినిమాలా కదలదు, ఫొటో తర్వాత ఫొటో మారుతుంది అంతే అని మీ అన్నయ్య అట్టముక్క మీద రాసి చూపించారు. నాకు అదే పదివేలు అనుకున్నాను.

ఈ పొద్దున ఆయా వచ్చి మీట నొక్కింది. ఆవిడకి చిన్నప్పుడే పోసింది కాబట్టి నా గదిలోకి రావడానికి భయం లేదు. ముందు తెరంతా బూడిద రంగు. తర్వాత పైనుంచి కిందికి, చాప పరిచినట్టు, బొమ్మ కొంచెం కొంచెంగా దిగింది. ముందు పెట్టె మూత, తర్వాత ఒక నెత్తి, తర్వాత కళ్ళకి కట్టిన పట్టీ. వాడు నీలంగా ఉన్నాడు. పెదాలు, చేతులు, పొట్ట, అన్నీ నీలం. నా కొడుకుని నేను మొదటిసారి చూడటం అలా చూశాను.

నేను మంచం దిగానట. నాకు గుర్తు లేదు. ఆయా నా రెండు భుజాలూ పట్టుకుని, "దీపమమ్మా, దీపం. కామెర్లని నీలం దీపం కింద పెట్టారు. అక్కడ సగం మంది పిల్లలకి అదే దీపం. నర్సమ్మ చెయ్యి చూడండి, అదీ నీలంగానే ఉంది" అంది. నిజమే, బొమ్మ మూలలో ఒక నీలం చెయ్యి ఉంది. ఆ చెయ్యి లేకపోతే ఆయా మాట నేను నమ్మేదాన్ని కాదు.

ఇంకో సంగతి. మధ్యాహ్నం బొమ్మ ఆగిపోయింది. వాడు కదలడం లేదా, బొమ్మ కదలడం లేదా అన్నది చూసేవాళ్ళకి తెలిసే దారి లేదు. నీ సలహాల కాగితం తీశాను. ఎఫ్ ఫైవ్ నొక్కు. పని చేయకపోతే ప్రోగ్రాం మూసి తెరువు. అదీ కాకపోతే కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యి. ఇంత చదువు చదివి నువ్వు నేర్చుకున్న వైద్యం మూసి తెరవడమేనా తల్లీ. మూడూ చేశాను. మూడోదానికి బొమ్మ వచ్చింది, వాడు కాలు మార్చుకుని పడుకుని ఉన్నాడు. ఈలోపు నా ప్రాణం పైకి పోయి కిందికి వచ్చింది.

కాబట్టి రెండు పనులు చెయ్యి. ఆ రంగులు తీసేసి నలుపు తెలుపులో పంపించు, నాకు ఆ నీలం వద్దు. బొమ్మ ఆగితే ఆగిందని నాకు తెలిసేలా ఏదో ఒకటి కనిపెట్టు. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను. ఆ బొమ్మ మీద నాకు నమ్మకం ఉన్నంతవరకే నేను ఈ గదిలో ఉంటాను.

పలుచగా అలుక్కుపోయిన
నీ వదిన

*

ప్రియమైన స్క్రూడ్రైవర్‌కి,

నిన్న రాత్రి హాయిగా నిద్రపోయాను. నలుపు తెలుపులో వాడు బూడిద రంగు గుడ్డలో చుట్టిన తెల్లటి మూటలా ఉన్నాడు. కాస్త పాత సినిమా కథానాయకుడి పోలిక కూడా ఉంది. రంగు తీసేస్తే వైరు మీద బరువు తగ్గి బొమ్మలు తొందరగా వస్తాయని నువ్వు అట్ట మీద రాస్తే, నీ పని తేలిక చేసుకోవడానికి అబద్ధమాడుతున్నావనుకున్నాను. నిజంగానే తొందరగా వస్తున్నాయి.

గడియారం ఉపాయం మాత్రం నీ బుర్రకి తగ్గట్టే ఉంది. పెట్టె పక్కన ఆ చిన్న బల్ల గడియారం పెట్టించి, బొమ్మలో వాడూ గడియారం రెండూ కనబడేలా కెమెరా తిప్పావు. సెకన్ల ముల్లు చోటు మారితే బొమ్మ బతికి ఉన్నట్టు, మారకపోతే ఆగినట్టు. ప్రోగ్రాముకి ఆగిపోయానని చెప్పే సంస్కారం లేకపోతే గడియారంతో చెప్పించావు. ఇప్పుడు ముందు ముల్లు చూస్తాను, తర్వాత వాడి మొహం.

ఎందుకు ఆగుతోందో కూడా కనుక్కున్నావట. బిల్లుల గుమస్తాగారు ప్రింటు కొట్టినప్పుడల్లా వైరంతా ఆయన కాగితాలతోనే నిండిపోతోందట. గుమస్తాగారూ, మీరు రోజూ టీకి వెళుతూ ఈ అద్దం ముందు ఆగి చదువుతారని ఆయా చెప్పింది. మీ బిల్లులు ఎవరి కొంప ముంచడానికో గానీ నా కొడుకు మొహం మీద కొట్టకండి. ఇంతవరకూ రాసిన పేజీ అంటించిన గంటకి ఆయన అద్దం బయట ఒక చీటీ అంటించి వెళ్ళారు. "అమ్మా, బిల్లు ఆగితే నా జీతం ఆగుతుంది. అయినా కట్టలు కట్టలుగా కాకుండా కొంచెం కొంచెంగా కొడతాను" అని ఉంది. చేతిరాత బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పొద్దున, గడియారం ఇంకా పెట్టకముందు, బొమ్మ మళ్ళీ చాలాసేపు ఆగింది. ఈసారి నేను తలుపు దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ ఎదురొచ్చింది. నన్ను కేకలేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "నువ్వు టీచరువి, నీకు ఒకసారి చెబితే చాలు. నీ ఊపిరి చాలు, ఇది అంటుకోవడానికి. మీ వాడి ఊపిరితిత్తులు ఇంకా పచ్చివి. వాడికి అంటితే నేను కాపాడలేను. ఆ గదిలో ఇంకా అలాంటి పిల్లలు ఉన్నారు, వాళ్ళ తల్లులకి నువ్వే సమాధానం చెప్పుకోవాలి" అంది. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా నన్ను వదలదట. నేను తల ఊపాను. ఊపినంత తేలిక కాదు ఉండటం.

రోజంతా ఏం చేస్తున్నావని మీ అన్నయ్య అడిగారు. ఏం చేస్తాను, వాణ్ణి చదువుకుంటున్నాను. వాడికి ఎడమ చెయ్యంటే ఇష్టం. కుడి చెయ్యి గుడ్డలో ఉంచి ఎడమ పిడికిలి మాత్రం చెవి దగ్గరికి తెచ్చుకుంటాడు, ఫోను మాట్లాడుతున్నట్టు. కళ్ళ పట్టీ కనుబొమల మీదికి జారితే మొహం ముడుస్తాడు. పాలగొట్టం పెట్టేముందు కాళ్ళు ముడుచుకుంటాడు, పెట్టాక చాపుతాడు. ఇవాళ మధ్యాహ్నం ఆవులించాడు. ఆవులింత మొత్తం ఒక్క ఫొటోలోనే పడింది, నోరు గుండ్రంగా, పట్టీ కింద బుగ్గలు పైకి లేచి. తర్వాత ఫొటోలో నోరు మూసేశాడు. ఆ ఒక్కటి తప్పిపోయి ఉంటే నా కొడుకు ఆవులిస్తాడని నాకు తెలిసేది కాదు. ప్రతి ఫొటో నీ దగ్గరి డిస్కులో దాస్తున్నావని, ఇంటికొచ్చాక మొదటినుంచీ చూసుకోవచ్చని రాశావు కదా, ఆ ఆవులింత మాత్రం పోకుండా చూడు.

మీ అన్నయ్య బస్సు డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే వస్తున్నారు. అద్దం అవతల నిలబడి, అట్టముక్క మీద రోజూ ఒకే మాట రాస్తారు. "బాగున్నాడు." రాసి నవ్వుతారు. ఆ మాటా ఆ నవ్వూ కలిపి చూస్తే నాకు అరికాళ్ళు చల్లబడతాయి. ఎందుకో నీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. ఆయన్ని నువ్వు ఏమీ అడక్కు.

ముల్లు చూసుకుంటూ
నీ వదిన

*

ఒసేయ్ పిల్లా,

ప్లాస్టర్ అయిపోయింది. కాగితం చేత్తో అద్దానికి ఆనించి నిలబడ్డాను. ఇది ఎవరు చదివినా సరే, మా ఆడపడుచుని పిలవండి. పిల్లల గది పక్కన కంప్యూటర్ ముందు ఉంటుంది. చదువుతున్నది ఎవరైనా సరే, మీకు దండం పెడతాను, కదలండి.

ఇప్పుడు నా తెర మీద ఉన్నది ఇవాళ్టి బొమ్మ కాదు. నిన్నటిది.

ముల్లు తిరుగుతోంది. గంట సరిపోయింది, నిమిషం సరిపోయింది. నిన్న ఇదే వేళకి తీసినవి వరసగా పెట్టావు కాబట్టి సరిపోతుంది. నువ్వు గడియారం సరిచూసుకున్నావు, వాణ్ణి చూసుకోలేదు. ఇందాక వాడు ఆవులించాడు. నోరు గుండ్రంగా, బుగ్గలు పైకి లేచి. గడియారంలో నిన్న ఎక్కడ ఉందో ముల్లు అక్కడే ఉంది. పిల్లలు ఆవులిస్తారు, నాకు తెలుసు. గడియారం చూసుకుని ఆవులించరు. పట్టీ జారింది, నర్సు చెయ్యి వచ్చింది, గుడ్డ అంచు కుక్క చెవిలా మడత పడింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు రెండింటిలో ఒకే తప్పు ఒకే చోట ఉంటే, కాపీ అని తేల్చడానికి నేను మూడో పేజీ తిప్పను.

ఇప్పుడు చెప్పు. వాడు ఉన్నాడా, లేడా.

నీకు తెలియని సంగతి చెబుతాను. వాడికి ముందు మాకు ఒక పాప పుట్టింది. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, పుట్టగానే పోయిందని నీకు చెప్పారు. పుట్టగానే పోలేదు. పుట్టింది, నన్ను కుట్లు వేయడానికి తీసుకెళ్ళారు, మళ్ళీ గదిలోకి తెచ్చాక పాప ఏదని అడిగాను. మీ అన్నయ్య నవ్వు మొహం పెట్టుకుని వచ్చి, "బాగుంది, నిద్రపోతోంది" అన్నారు. మళ్ళీ అడిగితే నర్సు కూడా అదే చెప్పింది. మర్నాడు కూడా నిద్రపోతోందన్నారు. నేను పాలు పిండి గిన్నెలో పట్టి పంపించాను. ఆయన ఆ గిన్నె తీసుకుని బయటికి వెళ్ళారు. అప్పటికే పాప లేదు. నాకు బలం వచ్చాక చెబుదామనుకున్నారట. నేను పాపని చూడలేదు, ఒక్కసారి కూడా. అందరూ కలిసి నా మంచికే నాకు ఆ చూపు లేకుండా చేశారు.

ఇవాళ మళ్ళీ ఎవరు చెప్పారు నీకు ఇలా చెయ్యమని, నేను అడగక్కర్లేదు.

నువ్వు వచ్చి అట్ట మీద "బాగున్నాడు" అని రాసి చూపించకు. ఆ మాటకి నా దగ్గర విలువ పోయింది. ఉన్నాడంటే చూపించు. లేడంటే అదీ చూపించు. నాకు మాట వద్దు, బొమ్మ కావాలి. డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తుంది, ఆ గదిలో ఇంకెవరి పిల్లలు ఉన్నారో కూడా గుర్తుంది. అయినా చెబుతున్నాను. నా ఒక చెయ్యి కాగితం మీద ఉంది, రెండో చెయ్యి గడియ మీద ఉంది.

వదిన

*

నా చిట్టితల్లి స్క్రూడ్రైవర్‌కి,

ఆయా కొత్త ప్లాస్టర్ చుట్ట తెచ్చిపెట్టింది, అందుకని ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. ఇందాక నువ్వు అద్దం అవతల నిలబడి ఏడుస్తూ ఏదేదో చెబుతూనే ఉన్నావు, నాకు నీ పెదాలు తప్ప ఏమీ వినబడలేదు. నీవైపు ఏం జరిగిందో నీకు తెలుసు. ఇటువైపు ఏం జరిగిందో నువ్వు వినాలి.

నా కాగితం ముందుగా చదివింది గుమస్తాగారు. టీకి పోతూ అలవాటు కొద్దీ ఆగారు. నవ్వు మొహంతో మొదలుపెట్టి, సగంలోనే చేతిలో బిల్లుల కట్ట నేల మీద పడేసి పరిగెత్తారు. ఆ వయసులో ఆ పొట్టతో అలా పరిగెత్తే మనిషిని నేను చూడలేదు. ఆయన కనుమరుగయ్యాక వరండాలో ఎవరూ లేరు. నేను ఆగాను. తెర మీద నిన్నటి కొడుకు నిద్రపోతున్నాడు, ఎంత ప్రశాంతంగా ఉన్నాడో చూస్తే కడుపు మండింది.

తలుపు తెరిచాను. ఇది నువ్వు ఎవరికైనా చెప్పినా చెప్పకపోయినా నిజం. తెరిచి కుడికాలు బయట పెట్టాను. వరండా చివర ఆయా బకెట్ దించి పరిగెత్తుకొచ్చి, నన్ను ముట్టుకోకుండా ఎదురుగా చేతులు చాపి నిలబడింది.

"అమ్మా, వద్దమ్మా. ఎదర ఇరవై మంది పిల్లలున్నారు."

నేను తల అడ్డంగా ఊపాను.

"మీ వాడిని మీరే చంపుకుంటారా. లోపలికి పోండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

నేను ఇంకో అడుగు వేసేదాన్నే. ఆయాని తోసుకుని వెళ్ళేదాన్నే. అప్పుడు వెనక తెర బూడిద రంగుకి తిరగడం ఓరకంట కనబడింది. నిన్నటి పిల్లాడు మాయమయ్యాడు. పైనుంచి కిందికి కొత్త బొమ్మ దిగడం మొదలైంది. తలుపు దగ్గర్నుంచి చూస్తే నలుపూ తెలుపూ మరకలు తప్ప ఏమీ తెలియడం లేదు. అదేమిటో తెలియాలంటే లోపలికి రావాలి. వచ్చాను. నన్ను లోపలికి తెచ్చింది ఆయా కాదు, డాక్టరమ్మ మాట కూడా కాదు.

బొమ్మ నిండా చేతులు. తొడుగులు వేసిన చేతులు, ఎవరివో మోచేతులు, ఒక గొట్టం. వాడు ఎక్కడా కనబడలేదు. తర్వాత ఫొటోలో ఇంకా ఎక్కువ చేతులు. ఆ తర్వాత ఎవరి మోచెయ్యి తగిలిందో, కెమెరా తలకిందులుగా వేలాడిపోయింది. నాకు ఇక కనబడింది నేల మాత్రమే. నేలా, చెప్పులూ, బూట్లూ.

నువ్వు లోపలికి వెళ్ళి సరిచేద్దామంటే నిన్ను గుమ్మంలోనే ఆపేశారట కదా. నాకు ఆ సంగతి తెలియదు. ఎఫ్ ఫైవ్ నొక్కుతూనే ఉన్నాను, నొక్కితే నేల వస్తోంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ నేలే. మూసి తెరుద్దామనుకున్నాను గానీ, మూసిన ఆ కాసేపట్లో ఏమైనా జరిగితేనో అని భయమేసి మూయలేదు. సరే, కెమెరా నేల ఇచ్చింది కాబట్టి నేలే చదువుదామనుకున్నాను.

పెట్టెకి దగ్గరగా రెండు జతల తెల్ల బూట్లు ఉన్నాయి. మడమలు నేలకి ఆనలేదు. ముందుకి వంగి, మునివేళ్ళ మీద నిలబడి ఉన్నారు. ఫొటో మారినా మడమలు పైనే ఉన్నాయి. వాళ్ళు ఇంకా పని చేస్తున్నారు, పని చేయడానికి అక్కడ వాడు ఉన్నాడు. ఆ మడమలు పైన ఉన్నంతసేపూ నా కొడుకు బతికే ఉన్నాడని నాకు అర్థమైంది. నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు, ఆ మడమలు దించొద్దని వాళ్ళ బూట్లని బతిమాలాను.

తర్వాత మడమలు దిగాయి.

ఆ ఫొటోకీ తర్వాత ఫొటోకీ మధ్య ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గడియారం ఎక్కడో పైన ఉండిపోయింది. పని అయిపోయింది. వాడు బాగై అయిపోయిందా, వాడు లేక అయిపోయిందా, బూట్లు చెప్పవు. తెల్ల బూట్లు ఒక జత వెనక్కి జరిగాయి. నిదానంగా జరిగాయి. నిదానం రెండింటికీ సరిపోతుంది. అప్పుడే ఫొటో మూలన, సగం తెరిచిన తలుపు అవతల, ఇంకో రెండు కాళ్ళు ఉన్నాయని గమనించాను. చాపుకుని ఉన్నాయి, నేల మీద కూలబడిన మనిషి కాళ్ళు. ఖాకీ ప్యాంటు అంచులు. ఒక కాలికి బస్సులో వేసుకునే బూటు, రెండో కాలికి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పు. ఆ మనిషి ఎలా బయల్దేరి వచ్చాడో ఆ కాళ్ళే చెప్పాయి. ఆ కాళ్ళు ఏ ఫొటోలోనూ కదల్లేదు.

ఆ తర్వాత నేల పైకి లేచింది, గోడ వచ్చింది, గుమ్మడికాయంత మొహం ఒకటి తెరంతా నిండింది. పెద్ద నర్సు. నన్ను వారం నుంచి కాల్చుకు తింటున్న మనిషి, కెమెరా చేత్తో పట్టుకుని అందులోకి తొంగి చూస్తోంది. మూతికి కట్టిన గుడ్డ కిందికి లాగి ఏదో అంది. కెమెరాలోంచి గొంతు రాదని ఆవిడకి తెలియదు పాపం. తర్వాత ఫొటోలో కెమెరా వాడివైపు తిప్పింది.

ముక్కులో కొత్త గొట్టం, బుగ్గ మీద ప్లాస్టర్, జుట్టంతా తడి. అందంగా లేడు. చేతులు రెండూ పక్కన పడి ఉన్నాయి. నేను తెరకి మొహం ఆనించి కూర్చున్నాను. తర్వాత ఫొటోలో ఎడమ పిడికిలి చెవి దగ్గరికి వచ్చింది. నిన్న అలాంటి ఫొటో ఉంది గానీ, నిన్న ముక్కులో ఆ గొట్టం లేదు.

ఊపిరి తీయడం మర్చిపోయాడని, ఇలాంటి పిల్లలు అలా మర్చిపోతారని, గుర్తు చేసి తీయించామని డాక్టరమ్మ సాయంత్రం వచ్చి చెప్పింది. మళ్ళీ మర్చిపోవచ్చు కూడా అంది. దాచకుండా చెప్పినందుకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోకూడదు కాబట్టి నమస్కారం పెట్టాను. తలుపు తెరిచిన సంగతి నేనే రాసి చూపించాను. చదివి, వరండా అంతా మందు వేసి కడిగించింది.

నువ్వు అట్ట మీద రాసింది చదివాను. "అన్నయ్య పెట్టమన్నాడు, నేను పెట్టాను, నన్ను తిట్టు వదినా" అని. తిట్టను. వాడికి గొట్టం వేస్తుంటే ఆయన చూసి, మీ వదిన ఇది చూస్తే చచ్చిపోతుంది అన్నారట. చూడకపోతే చచ్చిపోయేదాన్నని ఆయనకి తెలియదు, ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి. పాప సంగతి మేమిద్దరం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను నా గదిలో ఏడ్చాను, ఆయన బస్సు నడిపారు. ఆయన నాకు అబద్ధం చెప్పారన్నది ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను. పాపని చివరిసారి చూసింది ఆయన ఒక్కరే. పాలగిన్నె పట్టుకుని బయటికి వెళ్ళిన మనిషి, మళ్ళీ నవ్వు మొహం పెట్టుకుని నా దగ్గరికి వచ్చేలోపు, ఏ నేల మీద అలా కూలబడి ఉన్నారో నేను అడగలేదు. ఇవాళ ఆ రెండు కాళ్ళు చూసేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇక మీదట నాకు ఏది జరుగుతుంటే అది చూపించు. చేతులుంటే చేతులు, నేలుంటే నేల. దాచిన ఫొటోలు దాచిన చోటే ఉండనీ. వాడు మళ్ళీ మర్చిపోతే, గుర్తు చేసేవాళ్ళతో పాటు నేనూ ఉండాలి.

ఇంకొక్క పని చెయ్యి. రేపు పొద్దున నర్సుని బతిమాలి కెమెరా కొంచెం పక్కకి తిప్పించు. మీ అన్నయ్యని ఆ గుమ్మంలో నిలబెట్టు. ఒక్క ఫొటో చాలు, తర్వాత మళ్ళీ వాడివైపు తిప్పెయ్యి. గడ్డం గీసుకోకపోయినా పర్వాలేదు, బట్టలు మార్చుకోకపోయినా పర్వాలేదు. నవ్వొద్దని మాత్రం చెప్పు.

లోపలే ఉన్న
నీ వదిన